మొహమాటం ముక్క

తోయోహికో ఆఖరి ముక్క తినేశాడు.

మే నెల, ఆదివారం మధ్యాహ్నం. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి గంట ప్రయాణంలో, డచ్చి సరిహద్దు పక్కనున్న తోటల ఊళ్ళో, పదకొండేళ్ళుగా ఏటా వెళ్ళే హోటల్లో, ఆరుబయట బల్ల దగ్గర. బల్ల మధ్యలో పొడుగాటి పళ్ళెం. అందులో ఆ ఉదయమే మట్టిలోంచి తవ్వి తీసిన తెల్ల ఆస్పరాగస్ కాడలు, కరిగించిన వెన్న, పొగబెట్టిన పంది మాంసం. భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుంటూ తిన్నారు. ఒక్క కాడ మిగిలింది. చిజుకో ఫోర్కు కింద పెట్టి, పెదాలు తుడుచుకుని, అనవలసిన మాట అనడానికి నోరు తెరిచింది. ఈలోపు భర్త చెయ్యి వచ్చింది, కాడ వెళ్ళిపోయింది. అతను నమిలాడు, మింగాడు, వెయిటరు కోసం అటూ ఇటూ చూశాడు.

"ఏమయ్యా?" అంది చిజుకో.

"ఏంటి?"

"ఏం లేదు."

ఆకలి మీద ఉన్నాడేమోలే అనుకుంది. ఇంటికి వచ్చేదాకా కారులో అదే అనుకుంటూ వచ్చింది. ఒకే మాట అన్నిసార్లు అనుకోవలసి రావడం ఆమెకు నచ్చలేదు.

వాళ్ళిద్దరిదీ జపాన్‌లోని ఒసాకా. ఒసాకా మనుషులు ఒకే పళ్ళెంలోంచి పంచుకు తింటే చివరికి ఒక ముక్క మిగిలిపోతుంది. కడుపు నిండి కాదు. ఎవరు తీసుకున్నా పక్కవాడి నోటి దగ్గరది లాక్కున్నట్టుంటుందని. దానికి వాళ్ళ భాషలో పేరే ఉంది, మొహమాటం ముక్క అని. అది అలా చల్లారిపోతూ ఉంటుంది. చుట్టూ అందరూ వానల గురించీ బేస్‌బాల్ గురించీ మాట్లాడుకుంటారు. అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి.

చిజుకో పెళ్ళిచూపులు కూడా ఆ ముక్క దగ్గరే తేలాయి. వాళ్ళ నాన్న తెన్మా పేటలో సముద్రపు నాచు అమ్మే కొట్లో గుమస్తా. పెళ్ళికొడుకు అచ్చు యంత్రాలు బాగుచేసే మెకానిక్, పేరు నిషిగాకి తోయోహికో. పిల్లవాడు మాట్లాడడని మధ్యవర్తి ముందే చెప్పింది. చెక్క పెట్టెలో నొక్కి చేసిన మేకరెల్ చేప సుషీ తెప్పించారు. ఒక ముక్క మిగిలింది. రెండు కుటుంబాలూ అరగంట సేపు ఆ ముక్కకు కాపలా కాశాయి. అప్పుడు ఆ మాట్లాడని పిల్లవాడు గొంతు సవరించుకుని, "ఈ చేప ఒకసారి చచ్చింది. మనం ఇలాగే మొహమాటపడుతూ కూచుంటే పాపం సిగ్గుతో రెండోసారి చచ్చేట్టుంది" అన్నాడు. చిజుకోకు నవ్వు ఆగలేదు. "నవ్వినవాళ్ళే తినాలి" అని పళ్ళెం ఆమె వైపు జరిపాడు. ఆమె తింది. పెళ్ళయిపోయింది.

ఆ రూలు అలాగే ఉండిపోయింది. ఆఖరి ముక్క దగ్గర ఆగాలి. నువ్వు తిను అంటే నువ్వు తిను అనుకోవాలి. ఎందుకు తినకూడదో ఏదో ఒక వంక చెప్పాలి. ఎవరు నవ్వితే వాళ్ళు తినాలి.

కంపెనీ మూడేళ్ళని చెప్పి డ్యూసెల్‌డార్ఫ్ పంపింది. ఇరవై ఏడేళ్ళయింది. స్టేషన్ ఎదుటి వీధిలో మనవాళ్ళ, అంటే జపాన్‌వాళ్ళ, కొట్లు పెరిగాయి. అందులో ఒక కిరాణా కొట్లో చిజుకో కౌంటరు దగ్గర కుదురుకుంది. పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగే చుట్టాలు దగ్గర్లో లేకపోవడం పరాయి దేశంలో ఉన్న సుఖాల్లో ఒకటి.

తోయోహికోది తిరిగే ఉద్యోగం. ఏ ఊళ్ళో యంత్రం మొరాయిస్తే ఆ ఊరు వెళ్ళాలి. అచ్చాఫీసు పనివాళ్ళకు రెండు సంగతులు తెలుస్తాయి, ఏ పత్రిక అబద్ధం రాస్తుందో, ఏ వంటవాడు నిజంగా వండుతాడో అనేవాడు. మొదటిది అతనికి అక్కర్లేదు. రెండోది మాత్రం నూనె మరకల నోటుపుస్తకంలో రాసుకుని, సెలవు దొరగ్గానే భార్యను కారెక్కించేవాడు. అలా పోర్తోలో బొగ్గుల మీద కాల్చిన సార్డీన్ చేపలు తిన్నారు. తల కొరకడం నీ వంతంటే నీ వంతని ఇరవై నిమిషాలు వాదించుకుంటే, పక్క బల్ల ముసలాయన లేచి వచ్చి విడాకుల లాయరు కావాలా అని అడిగాడు. స్ట్రాస్‌బర్గ్‌లో పులిసిన క్యాబేజీ మీద మాంసాలు. లియేజ్‌లో తియ్యటి పులుసులో మాంసపుటుండలు. అక్కడ ఇద్దరికీ రెండేసి పెట్టి ఇవ్వడంతో మొహమాటపడడానికి ఏమీ మిగలక, వచ్చేటప్పుడు దారంతా ఏదో వెలితిగా ఉందనుకున్నారు. ఇతర ఆడవాళ్ళు ఫొటోలు దాచుకుంటారు. చిజుకో ఏ ఊళ్ళో ఏ ముక్క ఎవరు తిన్నారో గుర్తుపెట్టుకునేది.

అందుకే ఆ మే నెల కాడ ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత ఇంట్లో. ఎనిమిది వేయించిన డంప్లింగులు. ఎనిమిదోది తినేశాడు. ఇంకో వారం చేపముక్క, ఆ తర్వాత ఊరగాయ ముల్లంగి. ఒకసారి ఆమె కావాలని ఆఖరి ముక్కకు ముందే చాప్‌స్టిక్స్ కింద పెట్టేసి, "నేను తింటే ఈ కుర్చీ విరుగుతుంది, తోయో-హాన్. ఇంటి ఓనరుకి జవాబు నువ్వు చెప్తావా?" అంది. పేరు చివర గౌరవానికి 'సాన్' అనవలసిన చోట 'హాన్' అనడం పాత ఒసాకా ముద్దు. అతను ముక్క తింటూ కుర్చీ వైపు చూశాడు. "విరగదు. గట్టిదే," అన్నాడు.

జూలైలో కొట్టు యజమానురాలు వకిసాకా-సాన్ భోజనానికి పిలిచింది. టోక్యో మనిషి, గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెట్టే రకం. తోయోహికో రసం ఒక్క గుక్క తాగి, "దీంట్లో రుచి లేదు" అన్నాడు. తర్వాత ఆమె పళ్ళెంలోంచే వంకాయ ముక్క తీసుకున్నాడు. తాము తెచ్చిన చిక్కుడు మిఠాయిల పెట్టె తానే విప్పి, ఒకటి తర్వాత ఒకటి పన్నెండూ తిన్నాడు.

మర్నాడు కౌంటరు దగ్గర చిజుకో తల వంచి క్షమాపణ చెప్పుకుంది. వకిసాకా-సాన్ నవ్వేసింది. "ఒసాకావాళ్ళ నోటికి బ్రేకుండదని నాకు తెలీదా ఏంటి! పైగా ఇన్నేళ్ళు ఇక్కడి నీళ్ళు తాగాక జర్మనోడు కాకుండా ఎలా ఉంటాడు? మా ఆయనా అంతే. మొన్న మా అత్తగారికి ఫోన్లోనే 'నువ్వు ఎక్కువ మాట్లాడతావు' అన్నాడు. నాకైతే పండగే అనుకో."

చిజుకో నవ్వింది, కానీ ఆ మాట ఒప్పుకోలేకపోయింది. ఒసాకావాడు ఎకసెక్కెం ఆడాక ఎదుటివాడి మొహం చూస్తాడు, నవ్వొచ్చిందా లేదా అని. తోయోహికో ఎవరి మొహమూ చూడలేదు.

ఆగస్టులో కంపెనీవాళ్ళు నది ఒడ్డున మాంసం కాల్చుకునే విందు పెట్టారు. వర్క్‌షాపు పెద్ద ఉవే, ఏనుగంత మనిషి, బీరు గ్లాసుతో వచ్చి చిజుకో పక్కన కూలబడ్డాడు.

"చిజుకో, నీ మొగుడితో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నా. వాడి నోట 'కాదు' అన్న మాట విన్లేదు. 'చూద్దాం' అంటే కాదని, 'కొంచెం కష్టం' అంటే అస్సలు కాదని, ఊపిరి గట్టిగా పీలిస్తే చచ్చినా కాదని మేమే అర్థం చేసుకునేవాళ్ళం. మొన్న మీటింగులో అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? 'ఉవే, నీ ప్లాను చెత్త' అన్నాడు! నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఎన్నాళ్ళకి మావాడయ్యాడు!"

"నీకు కోపం రాలేదా?"

"కోపమా? ఇన్నాళ్ళకి నాతో నిజం చెప్పాడు. దానికి కోపమేంటి?" అని గ్లాసు ఎత్తాడు.

తోయోహికో కాస్త అవతల, పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరో కొత్త పనివాడి భార్య పట్టుకున్న ప్లేటులోంచి సాసేజీ తీసుకుంటున్నాడు. ఆమె నవ్వుతూ ప్లేటు మరింత ముందుకు చాపింది.

మనవాళ్ళు జర్మనోడయ్యాడంటున్నారు. జర్మనులు మావాడయ్యాడంటున్నారు. ఇద్దరి లెక్కలోనూ అతనికి మంచే జరుగుతోంది. చిజుకో ఒక్కతే ఇంట్లో ఎవరో పరాయివాడు తిరుగుతున్నట్టు మెలకువగా ఉంటోంది. పైగా అతనిది తిరిగే రోలర్ల మధ్య చేతులు పెట్టే పని. కారు తనే నడుపుతాడు. ఒకరోజు కూడలి దగ్గర ఆగవలసిన చోట ఆగలేదు. పక్క కారువాడు గుండె ఆగినంత పనయ్యి బ్రేకు వేశాడు. "వాడే ఆగాడుగా," అన్నాడు తోయోహికో. ఏదో జరగకముందే తన అనుమానం తప్పని తేలాలి, లేదా తన మాట ఎవరైనా నమ్మాలి. ఆ రెండింటిలో మొదటిదే కావాలని ఆమె ఇంట్లోని చిన్న దేవుడి అరకు రోజూ చెప్పుకునేది.

మెడికల్ చెకప్ అని చెప్పి డాక్టర్ హిబినో దగ్గరికి తీసుకెళ్ళింది. ఊళ్ళో మనవాళ్ళంతా ఆయన దగ్గరికే వెళ్తారు. డాక్టరు మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు, వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు. తోయోహికో ఆగకుండా రెండు దాకా వచ్చి, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

అతను బయటికి వెళ్ళాక డాక్టరు కాగితం చూపించాడు. "నాకంటే వేగంగా చేశారండీ. మతిమరుపేమీ లేదు. ఇంట్లో మీకేం తేడా కనిపించింది? కచ్చితంగా చెప్పండి."

చిజుకో చేతిసంచీ ఒళ్ళో సర్దుకుంది. "ఆఖరి ముక్క తినేస్తున్నారు."

డాక్టరు కాసేపు ఇంకేదో వస్తుందని చూశాడు. రాలేదు. పాపం మంచివాడే, నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించాడు. "అది జబ్బైతే ఈ దేశంలో ఎనిమిది కోట్ల మందికీ నేను మందు రాయాలి, నిషిగాకి-సాన్."

"మీరు మనవాళ్ళే కదా డాక్టరుగారూ. మీకు తెలీదా?"

"నేను ఇక్కడే పుట్టి పెరిగానండీ. మా అమ్మ మొదట్నుంచీ ఎవరి పళ్ళెం వాళ్ళకే పెట్టేది." ఆమె మొహం చూసి కాస్త తగ్గాడు. "ఒక పని చెయ్యండి. ఇంట్లోవాళ్ళు కాకుండా బయటివాళ్ళు, మీ ఆయన్ని చాలా ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు, మనిషి మారాడని ఒక్కరు చెప్పినా చాలు. నరాల డాక్టరుకు రాసిస్తాను. భార్య ఒక్కతే అంటే, మీరేమీ అనుకోకండి, వాళ్ళు దాన్ని సంసారం గొడవ కింద తోసేస్తారు."

చిజుకో లేచి వంగి నమస్కరించి వచ్చేసింది. బయటివాళ్ళు. ఒకావిడ పండగంటోంది, ఒకాయన చప్పట్లు కొడుతున్నాడు.

సెప్టెంబరు మిగిలింది. ఏటా సెప్టెంబరులో డచ్చి దేశపు తీరంలోని జీలండ్ వెళ్ళడం పదిహేనేళ్ళుగా అలవాటు. సముద్రపు కట్ట పక్కన యానెకే అనే ఆవిడ నడిపే చిన్న హోటలు. ఆలిచిప్పలు తప్ప ఇంకేమీ వండదు. చిజుకో మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. అక్కడ ఆఖరి చిప్ప దగ్గర తోయోహికో ఆగితే, ఇన్ని నెలలూ తనదే పిచ్చి. ఇంకెవర్నీ అడగదు, వకిసాకా-సాన్ చెప్పినట్టు జర్మనోడితోనే కాపురం చేసుకుంటుంది. ఆగకపోతే ఇక తనను తాను మభ్యపెట్టుకోదు.

అక్కడే ఎందుకంటే, ఆ ఆటకు అక్కడ సాక్షి ఉంది. మొదటిసారి వాళ్ళు వెళ్ళినప్పుడు గంగాళమంత గిన్నెలో ఒక్క చిప్ప మిగిల్చి ఇద్దరూ చేతులు కట్టుకు కూచుంటే, యానెకే అది పాడైందేమోనని హడలిపోయి ఇంకో గిన్నె వండి తెచ్చింది. సంగతి తెలిశాక పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచీ ఏటా భోజనం ఆఖరుకొచ్చేసరికి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి నిలబడేది. జోకు తనకూ జర్మన్‌లో చెప్పాలి. "ఇది ఆడ చిప్పలా ఉంది. పరాయి ఆడది. నేను ముట్టను," అన్నాడు తోయోహికో ఒక ఏడాది. "అయితే నేనే తినేస్తా, లేకపోతే ఇంటికి తెచ్చి పెట్టేట్టున్నావు," అంది చిజుకో. ఉడికినా నోరు తెరవని చిప్ప తినకూడదని వాళ్ళకు నేర్పింది యానెకే. తోయోహికో అటువంటిది కనిపిస్తే ఫోర్కుతో రెండుసార్లు తట్టి, "అమ్మా, ఇంట్లో ఉన్నారా?" అని అడిగి, చెవి పెట్టి విని, "లేరట" అని పక్కన పెట్టేవాడు. ఆ మాట ఆ హోటల్లో పనివాళ్ళందరికీ వచ్చేసింది.

ఆ శనివారం గాలి గట్టిగా ఉంది. లోపలి బల్ల దగ్గర కూచున్నారు. "వచ్చారా నా మొహమాటం దంపతులు!" అని యానెకే తోయోహికో వీపు మీద చరిచింది. అతను గిన్నె వస్తోందా అని వంటింటి వైపు చూశాడు. ఉల్లికాడలూ వైనూ వేసి ఉడికించిన చిప్పల గిన్నె వచ్చింది, పక్కన వేయించిన బంగాళాదుంపలు. ఖాళీ చిప్పను పట్టకారులా పట్టుకుని లోపలి మాంసం లాక్కు తినడం ఇద్దరికీ అలవాటే. తోయోహికో వేగంగా తింటున్నాడు. చిజుకో తినడం మానేసి గిన్నెలోకే చూస్తోంది. పది. ఆరు. మూడు. రెండు ఒకేసారి తీసుకున్నాడు.

ఒకటి మిగిలింది. అతని చెయ్యి ఆగింది.

అతను గిన్నెలోకి తొంగి చూస్తున్నాడు. మెడ అలాగే కాస్త పక్కకు వంచి, ఎప్పుడూ చూసినట్టే చూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో యానెకే అప్పటికే తువ్వాలుతో నిలబడి ఉంది. చిజుకో కూడా వంగి చూసింది. ఆ ఆఖరి చిప్ప నోరు తెరవలేదు. మూసుకునే ఉంది. ఇంతకంటే మంచి అవకాశం దేవుడైనా ఇవ్వడు. ఇప్పుడు తడతాడు. అమ్మా ఇంట్లో ఉన్నారా అంటాడు.

"నువ్వే తిను, తోయో-హాన్," అంది. "ఆవిడ నీకు తెలిసినావిడే కదా. పిలిచి చూడు."

తోయోహికో బల్ల మీది కత్తి తీసుకున్నాడు. చిప్పల సందులోకి మొన దూర్చి మెలిపెట్టాడు. అది రాలేదు. మళ్ళీ మెలిపెట్టాడు. చిన్న చప్పుడుతో విరిగింది. లోపల ముడుచుకుపోయి, ఇసుక రంగులో ఉన్నదాన్ని వేలితో లాగి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు.

"బాలేదు," అని మింగి, బంగాళాదుంపల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

యానెకే బల్ల దగ్గరికి వచ్చింది. చిజుకో మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"ఎవరాయన?" అంది.

"ఏంటి?"

"బయట కూచున్నాయన ఎవరు చిజుకో? మీ ఆయనేడి?"

చిజుకో నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. తర్వాత అక్కడున్న ఉల్లిపాయల బస్తా మీద కూచుండిపోయింది. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈ ఆలిచిప్పల ఆవిడ. యానెకే గ్లాసుతో నీళ్ళిచ్చింది. చిజుకో తాగి, గ్లాసు కడిగి, బోర్లించి పెట్టింది.

"ఇప్పుడు చూసింది కాగితం మీద రాసిస్తావా?"

"నేనా? నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఎవరికి?"

"డాక్టరుకి. నేనంటే నమ్మడు."

యానెకే మెనూ కాగితం తిరగేసి, పిండి అంటిన బల్ల మీదే పెట్టుకుని రాసింది. "నిషిగాకి దంపతులు పదిహేనేళ్ళుగా ఏటా సెప్టెంబరులో మా హోటలుకు వస్తున్నారు. ఈయన ఏనాడూ భార్యను నవ్వించే ప్రయత్నం చెయ్యకుండా ఆఖరి చిప్ప తినలేదు. నోరు తెరవని చిప్ప తినకూడదని మా కొత్త పనివాళ్ళకు నాకంటే బాగా చెప్పేవాడు. ఇవాళ దాన్నే కత్తితో విరగ్గొట్టి తిన్నాడు. తింటూ భార్య వైపు చూడలేదు. నేను డాక్టర్ని కాను, వంటమనిషిని. కానీ పదిహేనేళ్ళుగా మా హోటలుకు వచ్చే మనిషి ఈయన కాదు." కింద తేదీ వేసి, సంతకం పెట్టి, నమ్మకం చాలదనుకుందేమో హోటలు ముద్ర కూడా వేసింది.

బయటికొచ్చాక చిజుకో చెయ్యి చాపి, "తాళాలివ్వు. నేను నడుపుతా" అంది. ఇరవై ఏడేళ్ళలో హైవే మీద ఆమెను ఒక్కసారి కూడా నడపనివ్వలేదు అతను. "నీ డ్రైవింగులో సముద్రం కూడా పక్కకి తప్పుకుంటుంది" అనేవాడు. ఇప్పుడు తాళాలు ఆమె చేతిలో పెట్టి అవతలి వైపు వెళ్ళి కూచున్నాడు. వెక్కిరిస్తాడేమోనని ఆమె ఇంజను స్టార్టు చెయ్యకుండా కాసేపు ఆగింది. అతను బెల్టు పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు.

డాక్టర్ హిబినో ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఈసారి నవ్వలేదు. "నా దగ్గర పరీక్షలో ఇది దొరకదు," అని మాత్రం అని, పెద్ద ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

నవంబరులో స్కానింగ్ అయింది. నరాల డాక్టరు పొట్టి జుట్టు ఆవిడ, తెర మీద బొమ్మ చూపించి నుదుటి వెనక భాగం పెన్నుతో చుట్టింది. "ఇక్కడ కుదించుకుపోతోంది. జ్ఞాపకాలుండేది ఇక్కడ కాదు, అందుకే లెక్కలన్నీ చేస్తున్నారు. ఎదుటి మనిషి గురించి ఆలోచించుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటామే, అదిక్కడ." మందు లేదంది. పెరుగుతుందంది. మాట కూడా తగ్గిపోతుందంది. ఎంత కాలమో చెప్పలేనంది. "ఎప్పుడు మొదలైందో సుమారుగా చెప్పగలరా?"

"మే పదిహేను, ఆదివారం. మధ్యాహ్నం రెండు దాటాక," అంది చిజుకో.

డాక్టరు పెన్ను ఆపి చూసింది. "ఇంత కచ్చితంగా నాకెవరూ చెప్పలేదు."

బల్ల మీది గాజు గిన్నెలో చాక్లెట్లు తోయోహికో ఒక్కొక్కటే విప్పుకు తింటున్నాడు. "మీకేమైనా ఇబ్బందిగా ఉందా నిషిగాకి గారూ?" అని డాక్టరు అడిగింది. "నాకేం లేదు. ఆవిడకే," అన్నాడతను. అబద్ధం కాదు.

ఉద్యోగం ఆగింది. ఉవే అతని పనిముట్ల పెట్టె ఇవ్వడానికి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, ఆ చిన్న సోఫాలో ఒదిగి కూచున్నాడు. చిజుకో చెప్పిందంతా విన్నాడు.

"అంటే, నా ప్లాను చెత్త అన్నది..."

"జబ్బు."

ఉవే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూశాడు. "నేను ఊరంతా చెప్పుకున్నా చిజుకో. నా తోయో ఎన్నాళ్ళకి నాతో మనసు విప్పాడని." తర్వాత తలెత్తి, "ప్లాను మాత్రం నిజంగానే చెత్తది" అన్నాడు. పక్క గదిలో తోయోహికో టీవీ చూస్తున్నాడు. వెళ్ళేటప్పుడు ఉవే చెయ్యి చాపితే, చేతిలో ఏమీ లేదని చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

వకిసాకా-సాన్ ఇంకెప్పుడూ జర్మనోడు అనలేదు. వారానికోసారి ఒక డబ్బా నిండా వంకాయ కూర పంపేది, ఒక్క మనిషికి సరిపడా కాదు, చాలా ఎక్కువ.

ఇంటికి వచ్చే నర్సు ఒక సలహా ఇచ్చింది. మధ్యలో పళ్ళెం పెట్టకండి, ఎవరిది వాళ్ళకి విడిగా పెట్టండి, లేకపోతే మీకు తిండి మిగలదు అని. చిజుకో అలాగే చేసింది. డాక్టర్ హిబినో వాళ్ళమ్మ పెట్టినట్టు. మొదటి రోజు రెండు పళ్ళేల మధ్య ఖాళీ బల్ల చూసి, ఒక పూలకుండీ తెచ్చి పెట్టింది. వారం తర్వాత తీసేసింది.

వసంతంలో ఆస్పరాగస్‌కు వెళ్ళలేదు. ఆ నెలలన్నీ ఒక ముసలి మాస్టారి దగ్గర హైవే డ్రైవింగు మళ్ళీ నేర్చుకుంది. సెప్టెంబరులో జీలండ్‌కు తనే నడుపుకుంటూ వెళ్ళింది. నాలుగు గంటలు పట్టింది. తోయోహికో మాటలు అప్పటికి బాగా తగ్గిపోయాయి. దారిలో ఒక్కసారి మాత్రం "గాలిమర" అన్నాడు. నిజమే, గాలిమరే.

యానెకే అడక్కుండానే రెండు చిన్న గిన్నెలు తెచ్చి విడివిడిగా పెట్టింది. మూసుకున్న చిప్పలన్నీ ముందే ఏరేసింది. ఈసారి అతని వీపు మీద చరచలేదు, భుజం మీద చెయ్యి వేసింది. తోయోహికో తన గిన్నె ఖాళీ చేసి, చిజుకో గిన్నెలో చెయ్యి పెట్టాడు. ఆమె గిన్నె అతని వైపే జరిపింది. ఆమెకు తినాలనీ లేదు. చివరికి అందులో ఒకటి మిగిలింది. యానెకే తువ్వాలుతో వచ్చి నిలబడింది, ఎవరూ పిలవకుండానే.

ఈ ఏడాదిలో చిజుకో ఒకటి నేర్చుకుంది. అతని చెయ్యి వచ్చేలోపే ఆ మాట అనెయ్యాలి. చాలా వేగంగా అనాలి.

"నువ్వే తిను తోయో-హాన్, అదెవరో పరాయి ఆడది, నాకు పరిచయం లేదు," అంది ఒక్క ఊపిరిలో, జర్మన్‌లో.

సగం మాటలోనే అతను తినేశాడు. యానెకే ఆపుకోలేక నవ్వింది. నవ్వినవాళ్ళే తినాలి. ముగ్గురూ గిన్నెలోకి చూశారు, అడుగున ఉల్లికాడల నీళ్ళున్నాయి.